బాగున్న కాలికి కట్టు

మార్చి 3, సోమవారం

అక్క ఫోన్ చేసింది. గైడు తేదీలు ఇచ్చాడట. మే పదిన బయలుదేరాలి. పోయినేడు సగంలో వదిలేసి వచ్చిన కొండే.

"ఈసారి నీ తలనొప్పి సంగతి నాకు వదిలెయ్ నత్తా. డాక్టరుతో మాట్లాడాను. మాత్రలు రాసిచ్చాడు. పైన ఒక రోజు అదనంగా ఆగుదాం, ఆ గాలి నీకు అలవాటవుతుంది" అంది.

ముప్ఫై తొమ్మిదేళ్లొచ్చాయి, ఇంకా నత్తనే. అక్కకి నలభై ఆరు. ఆటల టీచరు కాబట్టి మోకాళ్లు బళ్లోనే సగం అరిగాయి. ఇదే ఆఖరుసారి అంటోంది. ఈసారి పైదాకా వెళ్లకపోతే ఇక ఎప్పటికీ వెళ్లనట్టే.

సరేనన్నాను. ఇంకేమంటాను?

గైడు పంపిన కాగితంలో ఇలా ఉంది: వారానికి నాలుగు రోజులు, ఇరవై కిలోల బరువుతో, నిటారు ఎత్తు ఎక్కి దిగాలి. ఈ ఊళ్లో నిటారుగా ఉన్నవి కరెంటు స్తంభాలు మాత్రమే.

మార్చి 5, బుధవారం

పెద్దాస్పత్రి మెట్లు. ఆరంతస్తులు. మూడోసారి ఎక్కుతుంటే ఒక నర్సు ఆపింది.

"లిఫ్టు పనిచేస్తోందమ్మా. ఎవరి తాలూకు మీరు?"

"మా పిన్ని. ఐదో అంతస్తు" అన్నాను, తడుముకోకుండా.

ఐదో అంతస్తు కాన్పుల వార్డట. "ఏ బిడ్డ?" అంది, ముఖమంతా నవ్వుతో. "ఆడపిల్ల" అన్నాను. చాలా సంతోషమంది. ఉంటే గింటే మా పిన్నికి ఇప్పుడు డెబ్బై నాలుగు.

మెట్లు ఎక్కడం అలవాటు చేసుకుంటున్నానండీ, అంటే పోయేదానికి. నా నోట్లోంచి అబద్ధాలు ఇంత తేలిగ్గా ఎలా ఊడిపడతాయో. ఆ ఆస్పత్రికి ఇక వెళ్లను.

మార్చి 7

కార్లు నిలిపే భవనం. వాచ్‌మన్ తరిమేశాడు. ఫ్లైఓవర్ ఎక్కితే లారీవాళ్లు ఈలలు వేశారు.

మార్చి 9, ఆదివారం

దొరికింది. ఆఖరి బస్‌స్టాపులో దిగి, రైల్వే యార్డు దాటితే పాత రాతి క్వారీ. కొండనంతా తవ్వుకుపోగా ఒక ముక్క మిగిలింది. దాని మీద ముప్ఫై ఇళ్లు. ఒకప్పుడు క్వారీలో పనిచేసినవాళ్లవట. రాయి తొలిచి చేసిన మెట్లు రెండు వందల పన్నెండు, ఆ పైన మెట్లు కూడా లేని వాలు. మొదటిసారికే తొడలు వణికాయి. సంతోషంతో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మెట్ల కింద, పక్కగా రెండు పెద్ద గోతులు. వాటి మధ్య తవ్వకుండా వదిలేసిన రాతిగోడ ఒకటి ఉంది. రెండడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు. నేనటు పెద్దగా చూడలేదు. నాకు దాంతో పని లేదు.

మార్చి 11, మంగళవారం

గైడు చెప్పిన చిట్కా బాగా పనిచేస్తోంది. బరువుకి నీళ్లు మోయాలి. ఎక్కేటప్పుడు ఇరవై లీటర్లు, పైకి చేరాక పారబోసెయ్యాలి. దిగేటప్పుడు ఖాళీ క్యాన్లు కాబట్టి మోకాళ్ల మీద భారం ఉండదు. కొండలెక్కేవాళ్లంతా ఇలాగే చేస్తారు. కింద కుళాయి ఉంది, పైన నీళ్లు పోయడానికి చదునైన బండ ఉంది. నా కోసమే కట్టించినట్టుంది.

రోజూ పొద్దున ఆరింటికి వెళ్లి ఎనిమిదిన్నరకి నేను పనిచేసే కళ్లద్దాల షాపుకి చేరుకుంటున్నాను.

ఇప్పుడు అసలు విషయం. నేను తప్ప ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా రాయకపోతే నా అంత దరిద్రురాలు ఉండదు.

పోయినేడు నాకు తల నొప్పి రాలేదు.

తెల్లవారుతోంది. శిఖరం కనిపిస్తోంది, ఇంకో గంటన్నర. ముందు గైడు, మధ్యలో నేను, వెనక అక్క, ముగ్గురం ఒకే తాడుకి. అక్కడ మంచుగట్టు సన్నబడింది. రెండు పక్కలా ఏమీ లేదు. నా కాళ్లు ఆగిపోయాయి. కూర్చుండిపోయాను. అక్క "ఏమైందే?" అని అరిచింది. తల, అన్నాను. తల పగిలిపోతోంది, అన్నాను.

అంత ఎత్తులో తల నొప్పి అంటే ప్రాణాల మీదికి రావచ్చు, ఇంకో ప్రశ్న ఉండదు. ఎంత, ఎక్కడ, ఓర్చుకోగలవా, ఏవీ అడగరు. తాడు మీద ఒకళ్లు తల అంటే అందరూ దిగాల్సిందే. అది వాళ్ల నియమం. అది తెలిసే అన్నాను.

అక్క శిఖరం వైపు ఒక్కసారి కూడా చూడకుండా వెనక్కి తిరిగింది.

మార్చి 19, బుధవారం

షాపుకి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. లైసెన్సు కోసం కళ్లు చూపించుకోవాలట. ఆఖరి వరస గడగడా చదివేశాడు. మరీ గడగడా. బోర్డు తిప్పి వేరేది పెట్టాను. మూడో వరస దగ్గరే ఆగిపోయాడు.

"పాత బోర్డు బట్టీ పట్టారా?" అన్నాను.

తల దించుకున్నాడు. యాభై దాటిన మనిషి. "ఉద్యోగం పోతుందమ్మా" అన్నాడు.

"మీ బస్సులో నలభై మంది ఉంటారు. అబద్ధం చెప్పే ముందు వాళ్లు గుర్తు రాలేదా?" అని షాపంతా వినపడేలా అడిగాను. మా యజమాని కూడా తల తిప్పి చూశాడు. ఆ మనిషి అద్దాలు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

నాకెక్కడి నోరు! ఎవరికి చెబుతున్నాను నేను!

మార్చి 21, శుక్రవారం

నేల చీలితే దిగిపోదామనిపించింది ఈ రోజు.

నాలుగో క్యాను బండ మీద బోర్లిస్తున్నాను. ఆ ఎదురింటి అరుగు మీద రోజూ ఒక పెద్దావిడ కుట్టుమిషను తొక్కుతూ ఉంటుంది. కిరాణా కొట్లకి గుడ్డసంచులు కుడుతుంది. మిషను ఆపింది.

"ఏమ్మాయ్, ఒక మాట అడగనా? కోప్పడవుగా?"

"అడగండి పెద్దమ్మా."

"తొమ్మిది రోజుల నుంచి చూస్తున్నా. అంత దూరం నుంచి మోసుకొస్తావు, బండ మీద పోసి పోతావు. మొక్కుందా, మోడుందా అక్కడ? మొదట్లో పిచ్చిదానివేమో అనుకుని పలకరించలేదు."

కొండ, శిక్షణ, మోకాళ్లు అని ఏదో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. తర్వాత తన గుమ్మం పక్కనున్న నీలం డ్రమ్ము చూపించింది.

"పైకి నీళ్లు ఎక్కించే మోటారు కాలిపోయి ఏడాదిన్నర. నా తుంటి విరిగీ అంతే. అప్పటి నుంచి కిందకి దిగలేదు. పక్కింటతను జాలిపడి రెండు రోజులకోసారి రెండు బకెట్లు పోస్తాడు. ఆ బండకి పోసే నీళ్లేవో ఇందులో పోస్తే నీకేమైనా నష్టమా?"

మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది, ఇందులో పోస్తే నా శిక్షణకి ఏమైనా లోటు వస్తుందేమోనని.

తొమ్మిది రోజులు. రోజుకి మూడుసార్లు. ఐదు వందల నలభై లీటర్లు. ఆవిడ గుమ్మం ముందు, ఆవిడ చూస్తుండగా.

ఏప్రిల్ 2, బుధవారం

పెద్దమ్మ డ్రమ్ము నిండుగా ఉంది. రోజుకి అరవై లీటర్లు పోస్తున్నాను. మిగిలింది పక్కవాళ్లకి ఇస్తోంది. దర్జాగా ఇస్తోంది కూడా, "మా అమ్మాయి తెచ్చింది, తీసుకెళ్లండి" అంటూ. పక్కింటతన్ని ఇక తేవద్దని చెప్పేసిందట. "ఎన్నాళ్లని ఒకళ్లని దేబిరిస్తాం? నువ్వున్నావుగా."

నా కాళ్లు కూడా గట్టిపడ్డాయి. ఎక్కుతుంటే ఆయాసం రావడం లేదు. ఈ మధ్య నా మీద నాకు కొంచెం మంచి అభిప్రాయం కలుగుతోంది. పోయినేడు ఏదో అయిపోయింది. ఈసారి నడిచేస్తాను, అక్క పైకి చేరుకుంటుంది, లెక్క సరిపోతుంది. పాత సంగతి చెప్పి అక్కని బాధపెట్టడం ఎందుకు?

ఏప్రిల్ 13, ఆదివారం

అక్క వచ్చింది. నాతో పాటు నాలుగుసార్లు ఎక్కింది, తనూ ఇరవై లీటర్లు మోసింది. పెద్దమ్మతో ఐదు నిమిషాల్లో చుట్టరికం కలిపేసింది. ఇద్దరూ కలిసి నా నడక మీద జోకులు వేసుకున్నారు.

పోయేముందు అక్క ఆ రాతిగోడ చూసింది.

"నత్తా! అచ్చం ఆ గట్టులాగే ఉందే! వచ్చే ఆదివారం తాడు తెస్తాను. ఇద్దరం కట్టుకుని నడుద్దాం. నువ్వు అప్పుడు నొప్పితో దాన్ని సరిగ్గా చూసి కూడా ఉండవు, పాపం."

పాపం అంది.

తర్వాత బస్సులో నా చెయ్యి పట్టుకుంది. "గైడుకి ఒక మాట చెప్పి ఉంచాను. నీ తల ఏమాత్రం బరువుగా అనిపించినా నేను నీతోనే దిగిపోతాను. శిఖరం కోసం నిన్ను పణం పెట్టను. నువ్వు మాత్రం దాచకు" అంది.

దాచకు అంది.

ఏప్రిల్ 17, గురువారం

ఈ రోజు జరిగింది రాయను.

ఏప్రిల్ 18, శుక్రవారం

రాస్తాను. నిద్ర పట్టడం లేదు, రాయకపోయినా అదే తిరుగుతోంది.

అక్క వచ్చేలోపు ఆ గోడ ఒకసారి ఒంటరిగా దాటేసి ధైర్యం తెచ్చుకుందామనుకున్నాను. నిన్న బరువులేమీ లేకుండా వెళ్లాను. నాలుగడుగులు వేశాను. ఐదో అడుగుకి రెండు పక్కలా గొయ్యి కనిపించింది. అంతే. కిందకి కూర్చుండిపోయి, అరచేతులు రాయికి ఆనించి, చంటిపిల్లలా పాక్కుంటూ వెనక్కి వచ్చాను. ఇవతలికి వచ్చాక కూడా లేవలేకపోయాను. కాళ్లకి ఏమీ కాలేదు. ఊరికే, లేవలేకపోయాను.

పైనుంచి పెద్దమ్మ చూసింది. "ఏమైందే అమ్మాయ్!" అని అరిచింది.

అప్పుడు నేనేమన్నాను? "కాలు మెలిపడింది పెద్దమ్మా" అన్నాను. ఆస్పత్రిలో పిన్నిని పుట్టించినంత తేలిగ్గా.

ఆవిడ దిగుతుందని నేననుకోలేదు. ఏడాదిన్నరగా దిగని మనిషి. మొదట కనబడకపోతే ఇంట్లోకి వెళ్లిందనుకున్నాను. కొద్దిసేపటికి మెట్ల మీద కనిపించింది. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేతిలో ఏదో మూట పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగుతోంది. వద్దని అరిచాను. ఎంత అరిచినా వినలేదు. అరవడం కన్నా లేచి నిలబడితే సరిపోయేది. నిలబడలేదు.

రెండు వందల పన్నెండు మెట్లూ దిగి వచ్చింది. మూటలో వేడిచేసిన ఉప్పు. నా పక్కన కూలబడి, నా బూటు విప్పి, మేజోడు తీసి, చీలమండ చుట్టూ నెమ్మదిగా కాపడం పెట్టింది. "ఇక్కడా? ఇక్కడా?" అని అడుగుతూ నొక్కింది. నేను "అబ్బా" అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నాలుగోసారి కళ్లలో నీళ్లు వచ్చాయి, అవి మాత్రం నిజమైనవే. ఆవిడ వాటిని నొప్పికి వచ్చాయనుకుంది.

"నా తల్లే, ఓర్చుకో" అని, ఒక గుడ్డ చించి గట్టిగా కట్టు కట్టింది. తెల్లటి గుడ్డ, అంచుకి నీలం కుట్టు. "బస్సు దాకా నడవగలవా? నేను పట్టుకోనా?"

"నడవగలను పెద్దమ్మా. మరి మీరు పైకి ఎలా?"

"నా సంగతి నీకెందుకు? ఈ కాలితో నన్ను మోస్తావా ఏంటి?"

అదీ అసలు సంగతి. మొయ్యగలను. రోజుకి మూడుసార్లు ఇరవై కిలోలు మోసే కాళ్లు నావి. ఆవిడ చంక కింద చెయ్యి వేసి పైదాకా నడిపించగలను. కానీ నా కాలు మెలిపడింది కదా.

కుంటుకుంటూ కుళాయి దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ మెట్ల మీద కూర్చుని, వెనక్కి చేతులు ఆనించి, ఒక్కో మెట్టే పైకి జరుగుతోంది. పది మెట్లకోసారి ఆగుతోంది. ఒకసారి నన్ను చూసి, వెళ్లు వెళ్లు అని చెయ్యి ఊపింది.

వెళ్లాను. కుంటుతూనే వెళ్లాను. బస్సు మలుపు తిరిగేదాకా కుంటుతూనే ఉన్నాను, సీట్లో కూర్చుని కూడా.

ఏప్రిల్ 19, శనివారం

అక్కకి చెప్పేశాను.

చెప్పాలని చెప్పలేదు. ఆ గొప్పతనం కూడా నాకు లేదు. నిన్న రాత్రే కట్టు విప్పేసి ఉండాల్సింది, విప్పబుద్ధి కాలేదు. పొద్దున్నే అక్క రేపటి కోసం తాడు పట్టుకుని వచ్చింది. కట్టు చూసింది. తాడు కింద పడేసి మోకాళ్ల మీద కూర్చుంది.

"వాపు లేదు, అదృష్టం" అంది నా పాదం ఒళ్లో పెట్టుకుని. "ఎవరు కట్టారే, ఇంత చక్కగా?" అంది. ఆటల టీచరు, ఇరవై ఏళ్లుగా పిల్లల కాళ్లు చూస్తున్న మనిషి. వేలితో ఒక్కసారి గట్టిగా నొక్కి ఉంటే తెలిసిపోయేది. నొక్కలేదు. నా మాట మీద అంత నమ్మకం.

తర్వాత ఫోన్ తీసింది. "గైడుకి చెప్పేస్తాను. మూడు వారాల్లో ఇది తగ్గదు. మనిద్దరం మానేద్దాం."

"నువ్వు వెళ్లక్కా."

"నువ్వు లేకుండా నేనెందుకు వెళ్తానే? పోనీలే. కొండ ఎక్కకపోతే కొంపలేం మునగవు."

నవ్వుతూనే అంది. అంటూ కిటికీలోంచి బయటికి చూసింది. పోయినేడు శిఖరం వైపు కూడా చూడని మనిషి ఇప్పుడు కిటికీలోంచి ఎదురింటి మేడ చూస్తోంది. ఫోన్ అవతల మోగుతోంది. గైడు ఎత్తాడు.

"పెట్టెయ్. కాలికి ఏమీ కాలేదు" అన్నాను.

కట్టు విప్పాను. లేచి నిలబడ్డాను. గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. అక్క అర్థం కాక చూస్తోంది. ఆగితే మళ్లీ చెప్పలేనని భయం వేసి, ఆ నడకలోనే మిగతాది కూడా చెప్పేశాను. మంచుగట్టు. తల. తల నొప్పి లేదు. అసలు ఎప్పుడూ లేదు.

 ఫోన్‌లో గైడు "హలో, హలో" అంటున్నాడు. అక్క పెట్టేసింది.

"ఆ రోజు డేరాలో నీ పాదాలు చల్లబడ్డాయని నా పొట్టకి ఆనించి పెట్టుకున్నాను" అంది.

"అవును."

"రాత్రంతా మూలిగావు."

"అవును."

"ఆ మూలుగు కూడానా?"

వంగి, విప్పిన కట్టు గుడ్డ తీసి మడవడం మొదలుపెట్టాను. ముఖం చెల్లలేదు.

అక్క అరవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. "భయమేస్తోంది అంటే కూడా దిగేదాన్నే కదే" అంది. "ఒక్క మాట. భయమేస్తోంది అక్కా అంటే, నేను కాదంటానా?"

తాడు చుట్టలు చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. "నేను వెళ్తాను. ఒక్కదాన్నే. రేపు తాడు మీద నువ్వు తల అంటే నేనేం చెయ్యాలో నాకు తెలియదు" అంది.

పేరు పెట్టి పిలిచింది. నత్త అనలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

క్వారీకి వెళ్లలేదు.

ఏప్రిల్ 21

వెళ్లలేదు.

ఏప్రిల్ 22

వెళ్లలేదు. కట్టు గుడ్డ ఉతికి ఇస్త్రీ చేశాను.

ఏప్రిల్ 23

వాన. వెళ్లలేదు.

వాన కాదు, నాలుగు చినుకులు.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఆ గుడ్డ విప్పి సరిగ్గా చూశాను. రెండు మూలల్లో కుట్టు ఉంది. గుండీ కాజా ఒకటి ఉంది. దిండు గలీబు అది. నా కోసం తన దిండు గలీబు చించింది.

ఏప్రిల్ 26, శనివారం

ఆ బస్సు డ్రైవరు మళ్లీ వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే తటపటాయించాడు. నేనూ తటపటాయించాను. కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఈసారి కనపడినంతే చెబుతానమ్మా" అన్నాడు.

కనపడింది తక్కువే. అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా ఇందాకటిదా అని అడుగుతూ ముప్పావు గంట పట్టింది. చివరికి ఆఖరి వరస చదివాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. "ఆ రోజు అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే" అన్నాను. ఆయన ఆ పరీక్ష ఫ్రేములోంచే నన్ను పరిశీలనగా చూసి, "ఫరవాలేదమ్మా. మీరింత చిన్నవారనుకోలేదు. పెద్దావిడ తిట్టిందని సర్దుకున్నాను" అన్నాడు.

వారం తర్వాత ఇవాళే మొదటిసారి నవ్వాను.

ఏప్రిల్ 27, ఆదివారం

వెళ్లాను. నాలుగు క్యాన్లూ నింపుకుని ఎక్కాను. పెద్దమ్మ మిషను దగ్గరే ఉంది. పక్కన ఒక ఊతకర్ర కొత్తగా కనిపించింది.

"కాలు తగ్గిందా?" అంది.

బరువు దించకుండానే చెప్పాను. దించితే చెప్పలేనేమోనని. "నా కాలికి ఏమీ కాలేదు పెద్దమ్మా. గోడ మీద భయపడి కూర్చుండిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గేసి అబద్ధం చెప్పాను."

మిషను ఆగింది. "ఏమీ కాలేదా?"

"లేదు."

"నొక్కితే అబ్బా అన్నావుగా?"

"అన్నాను."

"నేను పైకొచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది, తెలుసా?"

"తెలుసు. కుళాయి దగ్గర నుంచి చూశాను."

"చూశావా?" అంది. ఆ ఒక్క మాట మాత్రం గట్టిగా అంది. తర్వాత గొంతు తగ్గింది. "నా తుంటి సంగతి పోనీ. వద్దన్నవాడిని పిలిచి మళ్లీ నీళ్లడగాల్సి వచ్చింది. మా అమ్మాయి ఉందని డప్పు కొట్టుకున్నా కదా. ఆ పిల్లేదీ అని అడిగాడు. పాపం కాలు విరిగిందని చెప్పా. అందరికీ అదే చెప్పా."

నా అబద్ధాన్ని ఆవిడ ఇంటింటికీ మోసింది, జాలిపడుతూ. తల కొట్టేసినట్టయింది. గలీబు తీసి అరుగు మీద పెట్టాను. చిరిగిన చోట నాకు వచ్చినట్టు కుట్టి తెచ్చాను. ఆవిడ అది తిప్పి చూసి, "ఇదేం కుట్టు!" అని విప్పడం మొదలుపెట్టింది.

నిలబడే ఉన్నాను. భుజాలు లాగుతున్నాయి.

"అలా నిలబడతావేం? డ్రమ్ము ఖాళీగా ఉంది" అంది, తల ఎత్తకుండానే.

మే 1, గురువారం

రోజూ వెళ్తున్నాను. పెద్దమ్మ మాట్లాడదు. నీళ్లు పోసి వచ్చేస్తాను. పక్కింటివాళ్లు కాలెలా ఉందని అడిగితే, అది అబద్ధమని చెబుతున్నాను. ఒక్కొక్కళ్లకీ విడిగా చెప్పాల్సి వస్తోంది. ముప్ఫై ఇళ్లు. ఇప్పటికి పదకొండు అయ్యాయి.

మే 6, మంగళవారం

పెద్దమ్మ టీ గ్లాసు అరుగు చివరకి జరిపింది. నాకని చెప్పలేదు. అటు జరిపింది, అంతే. తాగాను.

"ఆ గోడ మీద ఎంత దూరం వెళ్లావు?" అంది.

"నాలుగడుగులు."

"నిలబడి వెళ్లావా?"

"అవును."

"ఎవరు వెళ్లమన్నారు నిలబడి? మా ఆయన ఇరవై రెండేళ్లు ఈ క్వారీలో చేశాడు. ఆ గోడని నిలబడి దాటినవాడు ఒక్కడూ లేడు. అందరూ అటో కాలు ఇటో కాలు వేసి, కూర్చుని జరుగుతూ దాటేవాళ్లు. ప్యాంట్లు అక్కడే చిరిగేవి. కుట్టలేక చచ్చేదాన్ని."

మే 9, శుక్రవారం

అక్క రేపు బయలుదేరుతుంది. నా చేతి తొడుగులు తీసుకెళ్లి ఇచ్చాను, తనవాటి కన్నా మందమైనవి. తీసుకుంది. థాంక్స్ అంది. అక్క నాకు థాంక్స్ చెప్పడం ఇదే మొదటిసారి. ఏడుపొచ్చింది. బయటికి వచ్చాక ఏడ్చాను.

మే 20, మంగళవారం

కుళాయి దగ్గర రెండో క్యాను నిండుతుంటే ఫోన్ మోగింది. అక్క, గైడు ఫోన్ నుంచి. వెళ్లాక ఇదే మొదటి మెసేజి.

"పైకి చేరాం. దిగడం మొదలుపెట్టాం. నాకు తల నొప్పిగా ఉంది. నిజంగానే."

పకపకా నవ్వాను. చేరింది! పైగా నా మీద జోకు వేసిందంటే కోపం తగ్గినట్టే. కుళాయి దగ్గరున్న ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా. నాలుగు క్యాన్లూ ఎత్తుకుని ఇరవై మెట్లెక్కాక ఆగిపోయాను. నిజంగానే నొప్పైతే?

మళ్లీ చదివాను. జోకులా ఉంది. మళ్లీ చదివాను. జోకులా లేదు. కొండ మీద తల నొప్పి అంటే ఇంకో ప్రశ్న ఉండకూడదు. ఇప్పుడు మా ఇద్దరి మధ్య ఆ మాట పక్కన నిజంగానే అని రాసినా, ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. ఆ మాటని అలా చేసింది నేను.

"ఎంత నొప్పి? వాంతులున్నాయా? గైడుకి చెప్పావా?" అని పంపాను. జవాబు లేదు.

పెద్దమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు విని, "నాకూ తెలియట్లేదే" అంది. నన్ను కూర్చోమంది. షాపుకి వెళ్లలేదు. సాయంత్రం దాకా అరుగు మీదే ఉన్నాను. ఆవిడ సంచులు కుడుతోంది, నేను దారాలు కత్తిరిస్తున్నాను. జవాబు లేదు.

మే 21, బుధవారం

పొద్దున ఆరుంపావుకి జవాబు వచ్చింది.

"కింద క్యాంపుకి దిగాం. నొప్పి నిజమే. ఇప్పుడు తగ్గింది. భయపడ్డావా?"

పడలేదు అని రాయడానికి వేలు దానంతటదే వెళ్లింది. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? చెరిపాను.

"భయమేసింది అక్కా. చాలా భయమేసింది" అని రాశాను.

 క్యాన్లు నింపుకుని ఎక్కుతున్నాను. నూట తొంభయ్యో మెట్టు దగ్గర ఫోన్ మోగింది. బరువు దించకుండానే తీసి చూశాను.

"వచ్చేస్తున్నాలే నత్తా."